శూన్యంలో విద్యుదుత్సర్గం: లోహతలం పాత్ర

వాయువు గుండా విద్యుత్తు ప్రవహించాలంటే ఆ వాయువులోని పరమాణువులు కొన్నయినా చీలి, ఎలక్ట్రాన్లుగా, ధనావేశం గల అయాన్లుగా విడిపోవాలి. ఆకాశంలోని మెరుపులోనైనా, దుకాణాల మీది నియాన్ దీపంలోనైనా, వెల్డింగు ఆర్క్‌లోనైనా జరిగేది ఇదే. ఈ ప్రక్రియను భౌతికశాస్త్రం విద్యుదుత్సర్గం అంటుంది. అందుచేత, గాలినంతటినీ తోడివేసిన పాత్రలో రెండు లోహపు ఎలక్ట్రోడులను ఎదురెదురుగా నిలిపితే, వాటి నడుమ చీలడానికి పరమాణువే మిగలదు కనుక, ఎంత వోల్టేజి పెట్టినా అక్కడ ఏ ప్రవాహమూ సాగకూడదని తోస్తుంది. వాస్తవం అలా లేదు. ఒక హద్దు దాటగానే ఆ శూన్యంలోనూ మిరుమిట్లు గొలిపే వెలుగు పుట్టి, వందలు వేల ఆంపియర్ల ప్రవాహం ఇరవై ముప్పై వోల్టుల ఆధారంతోనే నిలకడగా సాగుతుంది. ప్రవాహాన్ని మోసే కణాలు శూన్యం నుంచి రాలేవు కాబట్టి అవి లోహం నుంచే రావాలి. ఈ చిన్న తర్కాన్ని పట్టుకుని నడిస్తే, శూన్య విద్యుదుత్సర్గ శాస్త్రమంతా చాలావరకు లోహపు పైపొరను గురించిన శాస్త్రమేనన్న నిర్ణయానికి చేరవలసి వస్తుంది. ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం అదే.

పందొమ్మిదో శతాబ్దపు ప్రయోగకర్తలు ‘శూన్యనాళం’ అని పిలిచిన పరికరంలో నిజమైన శూన్యం లేదు. 1857లో బాన్ నగరంలో హైన్రిక్ గైస్లర్ పాదరసపు పంపుతో గాలిని తోడి, రెండు చివరలా ఎలక్ట్రోడులు బిగించిన గాజు నాళాలు తయారుచేసిన నాటి నుంచి, విలియం క్రూక్స్ 1879 నాటి ప్రదర్శనల వరకు, ఆ నాళాలలో కనిపించిన గులాబి, ఊదా రంగుల కాంతులన్నీ మిగిలిపోయిన పలుచటి వాయువు వెలార్చినవే. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ ఉనికిని నిరూపించినది అటువంటి నాళాల పరంపరలోనే గనుక వాటిని తక్కువ చేయడానికి లేదు. కాని అవి పలుచని వాయువుల కథకు చెందినవి. అదే 1897లో అమెరికన్ భౌతికవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ బాగా తోడిన శూన్యంలో, అతి దగ్గరగా అమర్చిన చిన్న ప్లాటినం గోళాల మధ్య ఒక కొత్త రకం ఉత్సర్గాన్ని గమనించి ప్రచురించారు. ఈ ఉపన్యాసానికి చెందిన కథ అసలు మొదలయ్యేది అక్కడ.

రెండు కథల మధ్య సరిహద్దు ఎక్కడ పడుతుందో చెప్పే నియమాన్ని ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో ప్రకటించారు. రెండు ఎలక్ట్రోడుల మధ్య ఉన్న వాయువు తన విద్యున్నిరోధక గుణాన్ని హఠాత్తుగా కోల్పోయి వాహకంగా మారడాన్ని విద్యుద్భంజనం అంటారు. ఆ భంజనానికి కావలసిన వోల్టేజి, పీడనం మీద విడిగానూ ఎడం మీద విడిగానూ కాక, ఆ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుందని పాషెన్ నియమం చెబుతుంది. సాధారణ వాతావరణ పీడనంలో ఒక సెంటీమీటరు గాలిని భంజించడానికి సుమారు 30 వేల వోల్టులు కావాలి. పీడనాన్ని తగ్గిస్తూ పోతే ఆ వోల్టేజి కూడా తగ్గుతూ, అదే ఒక సెంటీమీటరు ఎడంలో పీడనం దాదాపు 75 పాస్కల్‌లకు, అంటే వాతావరణ పీడనంలో వెయ్యింట ఒక వంతు కంటే తక్కువకు దిగేసరికి, 330 వోల్టుల ప్రాంతంలో అడుగు తాకుతుంది. అక్కడి నుంచి ఇంకా తోడితే వక్రరేఖ ఎదురు తిరిగి నిట్టనిలువుగా పైకి లేస్తుంది. ఒక ఎలక్ట్రాన్ అవతలి ధ్రువాన్ని చేరే లోపల ఢీకొని చీల్చడానికి తగినన్ని పరమాణువులు దారిలో దొరకకపోవడమే ఇందుకు కారణం. ఎక్కువ వోల్టేజితో పనిచేసే ఉపగ్రహ పరికరాలను అంతరిక్షం చేరిన వెంటనే స్విచ్ వేయకుండా, లోపల చిక్కుకున్న గాలి పూర్తిగా బయటికి పోయేవరకు ఆగడంలోని ఆంతర్యం కూడా ఇదే: నేల మీది గాలీ వాటికి క్షేమమే, అంతరిక్షపు శూన్యమూ క్షేమమే, ఆ రెండింటి నడుమ ఉన్న అడుగు ప్రాంతమే ప్రమాదకరం.

విద్యుత్ పరికరాలలో వాడే శూన్యంలో పీడనం పాస్కల్‌లో పదివేలవ వంతు స్థాయిలో ఉంటుంది. అంతగా తోడిన తరువాత కూడా ఘన సెంటీమీటరుకు సుమారు 2,400 కోట్ల అణువులు మిగిలే ఉంటాయన్నది వినేవారికి వింతగా తోచవచ్చు. అయితే ఒక అణువు ఇంకొక అణువును ఢీకొనే లోపల ప్రయాణించే సగటు దూరం, అంటే సగటు స్వేచ్ఛాపథం, ఆ పీడనంలో అరవై మీటర్లు దాటుతుంది. ఎలక్ట్రోడుల మధ్య ఎడమేమో మిల్లీమీటర్లలో ఉంటుంది. అందువల్ల ఆ 2,400 కోట్ల అణువులు ఎలక్ట్రాన్‌కు లేనట్టే లెక్క.

అటువంటి చోట మొదటి ఎలక్ట్రాన్ లోహం నుంచి ఎలా బయటపడుతుందన్నది తరువాతి ప్రశ్న. లోహంలోని ఎలక్ట్రాన్ లోపల స్వేచ్ఛగా తిరగగలిగినా, తలం దాటి బయటికి రావాలంటే కొంత శక్తి చెల్లించాలి. పని ప్రమేయం అని పిలిచే ఈ శక్తి రాగికి, టంగ్‌స్టన్‌కు సుమారు నాలుగున్నర ఎలక్ట్రాన్ వోల్టులు. లోహాన్ని ఎర్రగా, తెల్లగా కాల్చి ఆ శక్తిని ఇస్తే అది ఉష్ణ ఉద్గారం; పాత రేడియో వాల్వులు పనిచేసినది దానితోనే. చల్లని లోహం నుంచి ఎలక్ట్రాన్లను కేవలం విద్యుత్ క్షేత్రంతో లాగడాన్ని క్షేత్ర ఉద్గారం అంటారు. దీనికి సరైన వివరణ 1928లో రాల్ఫ్ ఫౌలర్, లోథార్ నోర్డ్‌హైమ్ ఇచ్చారు. బలమైన క్షేత్రం తలం వద్ద ఉన్న శక్తి ప్రాకారాన్ని పలుచబరుస్తుందని, దాని మందం ఒక నానోమీటరు ప్రాంతానికి తగ్గినప్పుడు ఎలక్ట్రాన్ దాన్ని ఎక్కి దాటకుండా, క్వాంటం యాంత్రికశాస్త్రం అనుమతించే సొరంగ ప్రక్రియ ద్వారా చొచ్చుకుని వస్తుందని వారి సిద్ధాంతం. అప్పటికి రెండు మూడేళ్ల వయసు మాత్రమే ఉన్న కొత్త క్వాంటం సిద్ధాంతం చల్లని లోహపు తలం మీద సాధించిన తొలి విజయాలలో ఇది ఒకటి.

సిద్ధాంతం చక్కగా ఉన్నా, లెక్కకూ ప్రయోగానికీ మధ్య పెద్ద అగాధం కనిపించింది. ఫౌలర్–నోర్డ్‌హైమ్ సమీకరణం ప్రకారం చెప్పుకోదగిన ప్రవాహం రావాలంటే తలం వద్ద మీటరుకు సుమారు 300 కోట్ల వోల్టుల క్షేత్రం ఉండాలి. అంటే ఒక్క మిల్లీమీటరు ఎడానికి 30 లక్షల వోల్టులు. కాని నున్నగా మెరుగుపెట్టిన ఎలక్ట్రోడులు కూడా అదే ఎడంలో కొన్ని పదుల వేల వోల్టులకే భంజనానికి లోనవుతాయి. ఈ వంద రెట్ల తేడాకు సమాధానం తలం నునుపులోనే దొరికింది. కంటికి అద్దంలా కనిపించే లోహం మీద సూక్ష్మదర్శినికి మాత్రమే అందే మొనలు, గీతలు, అంచులు ఉంటాయి. ఒక మైక్రాన్ ఎత్తు, దానిలో నూరో వంతు మొన గల బుడిపె దగ్గర క్షేత్రం సుమారు వంద రెట్లు పెరుగుతుంది. ఆ బుడిపె కొసకు సంబంధించినంత వరకు ఫౌలర్, నోర్డ్‌హైమ్‌ల లెక్క సరిగానే పనిచేస్తూ ఉంటుంది. లోహపు బుడిపెలతో పాటు, తలంలో ఇరుక్కుపోయిన ధూళి కణాలు, ఆక్సైడు మచ్చలు, నిరోధక పదార్థపు రేణువులు కూడా ఎలక్ట్రాన్లను వెలువరించగలవని ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాడ్ లేథమ్, ఆయన సహచరులు తరువాతి దశాబ్దాలలో చూపారు. అధిక వోల్టేజి శూన్య పరికరాల తయారీలో శుభ్రతకు ఇచ్చే ప్రాధాన్యం బయటివారికి ఛాందసంగా కనిపించవచ్చు గాని, చేతి వేళ్ల జిడ్డు కూడా అక్కడ వోల్టులలో లెక్కకు వస్తుంది.

తలానికి ఉన్న ఈ ప్రాధాన్యాన్ని ఒక విచిత్ర వ్యవహారం మరింత స్పష్టం చేస్తుంది. కొత్త ఎలక్ట్రోడుల మధ్య పరిమితమైన శక్తి గల చిన్న చిన్న రవ్వలను పదేపదే పుట్టిస్తే, తాళగల వోల్టేజి క్రమంగా పెరిగి ఒక స్థాయి వద్ద నిలుస్తుంది. ప్రతి రవ్వా ఒక బలహీనమైన బుడిపెను కాల్చివేయడం వల్ల ఇలా జరుగుతుంది. దీన్నే కండిషనింగ్ అంటారు. గాలిలో ఇటువంటి శిక్షణకు తావు లేదు, ఎందుకంటే అక్కడ భంజనాన్ని నిర్ణయించేది ప్రధానంగా వాయువు. వాయువుకు జ్ఞాపకం ఉండదు. శూన్యంలో మాత్రం జరిగిన ప్రతి సంఘటనా లోహం మీద గుర్తుగా మిగిలి, తరువాతి సంఘటనను ప్రభావితం చేస్తుంది. రవ్వ శక్తి హద్దు మీరితే ఫలితం తలకిందులై, కరిగి చిందిన లోహం కొత్త బుడిపెలను నిలబెడుతుంది.

బుడిపె కొస నుంచి ఎలక్ట్రాన్లు కారడం మొదలైనంత మాత్రాన భంజనం జరిగినట్టు కాదు; ఆ ప్రవాహం మైక్రో ఆంపియర్లలో ఉన్నంత కాలం ఎలక్ట్రోడులకు ఏ హానీ లేదు. అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో, లిన్‌ఫీల్డ్ కళాశాలలో డబ్ల్యు.పి. డైక్ బృందం 1953లో ప్రచురించిన ప్రయోగాలలో సూదిమొన వంటి టంగ్‌స్టన్ ఉద్గారకాలను తీసుకుని, చదరపు సెంటీమీటరుకు పది కోట్ల ఆంపియర్ల ప్రవాహ సాంద్రత ప్రాంతంలో క్షేత్ర ఉద్గారం హఠాత్తుగా ఆర్క్‌గా మారిపోతుందని నిర్ధారించింది. అంతటి సాంద్రతలో లోహపు కొస తన స్వంత నిరోధం వల్లనే వేడెక్కి, నానోసెకండ్ల వ్యవధిలో కరగడం, మరగడం అనే దశలను దాదాపు ఒకేసారి దాటి పేలిపోతుంది. సైబీరియాలోని తోమ్‌స్క్ నగరంలో గెన్నాదీ మెస్యాత్స్, ఆయన సహచరులు 1960ల మధ్యభాగంలో ఈ దశను వివరంగా పరిశీలించి దానికి ‘విస్ఫోట ఎలక్ట్రాన్ ఉద్గారం’ అని పేరు పెట్టారు. పేలిన లోహం ప్లాస్మాగా, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు కలిసిన వాహక వాయువుగా మారి సెకండుకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తుంది. ఒక మిల్లీమీటరు ఎడాన్ని అది 50 నానోసెకండ్లలో పూడ్చివేస్తుంది. శూన్యంలో లేని మాధ్యమాన్ని లోహం తన శరీరం నుంచే సృష్టించుకోవడం ఇక్కడ ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

ఆ మాధ్యమం ఏర్పడిన తరువాత ఉత్సర్గం శూన్య ఆర్క్ రూపంలో స్థిరపడుతుంది. దీన్ని నిలిపి ఉంచేవి ఋణధ్రువం మీద మెరిసే అతి చిన్న వెలుగు మచ్చలు. రాగి ఋణధ్రువం మీద ఒక్కొక్క మచ్చ వంద ఆంపియర్ల వరకు మోస్తుంది. ప్రవాహం ఇంకా పెరిగితే మచ్చ పెద్దది కాక, రెండుగా, నాలుగుగా విడిపోతుంది. ఏ మచ్చా ఒకచోట నిలవదు: ఎండుగడ్డిలో నిప్పు ఒక దుబ్బును కాల్చి పక్క దుబ్బును అంటుకున్నట్టు, ఒక బుడిపె ఆరిపోయేలోగా దాని ప్లాస్మా పక్కనున్న ఇంకో బుడిపెను రగిలిస్తుంది. అది నడిచిన దారి పొడవునా మైక్రాన్ల పరిమాణంలో గుంటలు మిగులుతాయి. ధనధ్రువం ఈ దశలో వచ్చిన ఎలక్ట్రాన్లను స్వీకరించడం తప్ప ఏమీ చేయదు.

ఈ మచ్చల ప్రవర్తనలో రెండు విషయాలు భౌతికశాస్త్రాన్ని చాలాకాలం ఇబ్బంది పెట్టాయి. 1930లో ఆర్. టాన్‌బెర్గ్ శూన్య ఆర్క్ ఋణధ్రువం మీద పనిచేసే వెనుకతోపు బలాన్ని కొలిచి, మచ్చ నుంచి రాగి ఆవిరి సెకండుకు 16 కిలోమీటర్ల వేగంతో ధనధ్రువం వైపు దూసుకుపోతున్నదని లెక్కగట్టారు. తరువాత అయాన్లను నేరుగా కొలిచినప్పుడు కూడా ఆ స్థాయి వేగాలే వచ్చాయి. ధనావేశం గల అయాన్ ఋణధ్రువం వైపు పోవాలి గాని దానికి ఎదురుగా ఎందుకు పోతుంది? పైగా రాగి ఆర్క్ వోల్టేజి ఇరవై వోల్టుల ప్రాంతంలో ఉంటే, అయాన్ల శక్తి యాభై ఎలక్ట్రాన్ వోల్టులు దాటడం ఎట్లా? మచ్చలో దాదాపు ఘనపదార్థమంత సాంద్రతతో పుట్టే ప్లాస్మా పీడనమూ, బయటికి ఉరికే ఎలక్ట్రాన్ల ఒరిపిడీ కలిసి అయాన్లను ముందుకు నెడతాయన్న వివరణ ఇప్పుడు ఎక్కువగా ఆమోదం పొందింది. రెండో విషయం అంత సులభంగా లొంగలేదు. యోహాన్నెస్ స్టార్క్ 1903లోనే గమనించినట్టు, ఆర్క్‌కు అడ్డంగా అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగిస్తే మచ్చ విద్యుదయస్కాంత నియమం సూచించే దిశకు సరిగ్గా వ్యతిరేక దిశలో కదులుతుంది. శతాబ్దానికి పైగా దీనికి పుట్టిన వివరణలు డజన్ల కొద్దీ ఉన్నాయి; ఒక ప్రశ్నకు అన్ని సమాధానాలు ఉండడమే వాటిలో ఏదీ పూర్తిగా చాలలేదనడానికి నిదర్శనం.

శూన్య ఆర్క్‌కు గల ముఖ్య ప్రయోజనం దాని ఆరిపోయే గుణంలో ఉంది. అరిగిన లోహం ఆవిరి మాత్రమే దానికి ఆధారం కనుక, ప్రవాహం సున్నా అయిన క్షణాన ఆవిరి పుట్టుక ఆగిపోతుంది. మిగిలిన ఆవిరి అడ్డగించే వాయువేదీ లేకపోవడంతో మైక్రోసెకండ్లలో చుట్టూ ఉన్న లోహపు తెరకు అంటుకుని గడ్డకడుతుంది. 50 హెర్ట్జ్ ప్రత్యావర్త ప్రవాహం సెకండుకు వందసార్లు సున్నాను తాకుతుంది కాబట్టి ఆ అవకాశం కోసం ఎక్కువ సేపు ఎదురుచూడనవసరం లేదు. కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో రాయల్ సోరెన్సన్, హాలమ్ మెండెన్‌హాల్ ఈ సూత్రంతో శూన్య స్విచ్ తయారుచేసి, 40 వేల వోల్టుల పైచిలుకు వోల్టేజిలో వందలాది ఆంపియర్లను తెంచగలిగినట్టు 1926లో ప్రకటించారు. అయినా అది మార్కెట్టుకు రావడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. సూత్రంలో లోపం లేదు. లోపం లోహంలో ఉంది. మామూలు రాగిలో ఇమిడి ఉన్న వాయువులు ప్రతి ఆర్క్‌తోనూ కొద్దికొద్దిగా వెలువడి శూన్యాన్ని చెడగొట్టేవి. వాయురహితంగా శుద్ధి చేసిన లోహాలు, గాలి చొరబడని పింగాణీ అతుకులు 1950లలో అందుబాటులోకి వచ్చాకే అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఈ పనిని ఫలవంతం చేయగలిగింది.

లోహం ఎంపికలో ఇంకొక చిక్కు ఉంది. పూర్తిగా శుభ్రమైన రెండు రాగి తలాలు శూన్యంలో ఒరుసుకుంటే వాటి మధ్య ఆక్సైడు పొర లేనందున అవి అతుక్కుపోతాయి. అతుకు పెళుసుబారడానికి తొలి రోజులలో రాగిలో కొద్దిగా బిస్మత్ కలిపారు. టంగ్‌స్టన్ వంటి దుర్ద్రవణ లోహాన్ని వాడితే తలం గట్టిగా నిలుస్తుంది గాని, తగినంత ఆవిరి ఇవ్వదు కనుక ప్రవాహం సహజమైన సున్నాకు చేరకముందే ఆర్క్ తెగిపోతుంది. ఈ అకాల విచ్ఛేదం వల్ల మోటారు, ట్రాన్స్‌ఫార్మరు తీగచుట్టలలో నిలువ ఉన్న శక్తి ఒక్కసారిగా అధిక వోల్టేజిగా మారి వాటి ఇన్సులేషన్‌ను దెబ్బతీస్తుంది. ఆవిరి ఎక్కువైతే ప్రవాహం తెగదు, తక్కువైతే ముందే తెగుతుంది. ఈ రెండింటి మధ్య రాజీగా కుదిరినది రాగి, క్రోమియం కణాల మిశ్రమం. అందులోని క్రోమియం మిగిలిన ఆక్సిజన్‌ను కూడా పట్టి బంధిస్తుంది. ఇక షార్ట్ సర్క్యూట్ వేళ పదివేల ఆంపియర్లు మించినప్పుడు ఆర్క్ అంతా ఒక కాండంలా కుంచించుకుని, అంతవరకు నిష్క్రియంగా ఉన్న ధనధ్రువాన్నీ కరిగించి ఆవిరి ఊటగా మార్చివేస్తుంది. దీన్ని నివారించడానికి కాంటాక్టులలోనే సర్పిలాకారపు చీలికలు కోసి, తెంచవలసిన ప్రవాహం చేతనే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, ఆర్క్‌ను తలమంతా పరచడమో, వేగంగా తిప్పడమో చేస్తారు. శత్రువు బలంతోనే శత్రువును అదుపు చేసే ఈ ఉపాయం విద్యుత్ ఇంజనీరింగులోని అందమైన ఆలోచనలలో ఒకటి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల శివార్లలోని 33/11 కెవి సబ్‌స్టేషన్లలో సిబ్బంది వీసీబీ అని పిలిచే వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్లు పనిచేసేది ఈ సూత్రం మీదనే. అందులోని మూసిన పింగాణీ గొట్టంలో కాంటాక్టుల కదలిక ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. ముడతల లోహపు గొట్టమైన బెలోస్ ఆ కదలికను శూన్యం చెడకుండా లోపలికి అందిస్తుంది. నూనె మార్చే పని, వాయువు నింపే పని లేకపోవడమే దాని వ్యాప్తికి ప్రధాన కారణం.

ఆర్క్‌ను ఆర్పడానికి కాక, కావాలని రగిలించే చోట్లూ ఉన్నాయి: కత్తిరింపు పనిముట్ల మీద కనిపించే బంగారు రంగు టైటానియం నైట్రైడు పూతలు చాలావరకు ఈ ఆర్క్ ఆవిరితో వేసినవే. దీనికి పూర్తిగా విరుద్ధమైన అవసరం కణత్వరణ యంత్రాలది. అక్కడ ఒక్క రవ్వ పుట్టినా నష్టమే. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ ప్రతిపాదించిన సరళ త్వరణ యంత్రం క్లిక్ కోసం చేసిన పరీక్షలలో, మీటరుకు పది కోట్ల వోల్టుల ప్రాంతంలో రాగి గదులలో భంజనాల రేటు క్షేత్రపు ముప్పయ్యో ఘాతానికి అనులోమంగా పెరుగుతున్నట్టు కనిపించింది. క్షేత్రాన్ని పది శాతం పెంచితే రవ్వలు దాదాపు పదిహేడు రెట్లు పెరుగుతాయన్నమాట. ఇంత నిటారు పెరుగుదలను బుడిపెల ఉనికితో మాత్రమే వివరించడం కష్టం. క్షేత్రపు లాగుడుకు రాగి స్ఫటికంలోని అమరిక దోషాలు కదిలి, నున్నటి తలం మీద కొత్త బుడిపెలను అప్పటికప్పుడు మొలిపిస్తాయన్న ఊహ ఇటీవల బలపడుతోంది. అదే నిజమైతే పైపొరను గురించిన పరిశోధన ఇక లోహపు లోతులలోకి దిగవలసి ఉంటుంది.

స్విచ్‌ల విషయానికి తిరిగి వస్తే, అధిక వోల్టేజి ప్రసార మార్గాల బ్రేకర్లలో ఇప్పటివరకు ఏలినది సల్ఫర్ హెక్సాఫ్లోరైడు వాయువు. వందేళ్ల వ్యవధిలో భూతాపం మీద దాని ప్రభావం బొగ్గుపులుసు వాయువుకు సుమారు 23,500 రెట్లు. ఐరోపా సమాఖ్య 2024 నాటి నిబంధన ద్వారా, 24 కెవి వరకు గల కొత్త స్విచ్‌గేరులో ఇటువంటి ఫ్లోరిన్ వాయువుల వాడకాన్ని 2026 జనవరి 1 నుంచి కొద్ది మినహాయింపులతో నిషేధించింది. ఆ స్థాయిలో శూన్యం ఇప్పటికే సిద్ధంగా ఉంది. పై స్థాయిలలో అడ్డు తగిలేది 1952లో లారెన్స్ క్రాన్‌బర్గ్ చూపిన ఒక నియమం: తలం నుంచి ఊడిన సూక్ష్మ రేణువు ఒకటి ఎడమంతా దాటి ఎదుటి ధ్రువాన్ని ఢీకొన్నప్పుడు భంజనం జరుగుతుందని ఆయన ఊహ, దాని ప్రకారం తాళగల వోల్టేజి ఎడానికి కాక, ఎడం వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. గాలిలో ఎడాన్ని రెట్టింపు చేస్తే తాళే వోల్టేజి కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. శూన్యంలో అది నలభై శాతం మాత్రమే పెరుగుతుంది. అందుకే 145 కెవి స్థాయిని ఒకే గొట్టంతో అందుకోవడం గొప్ప విజయంగా లెక్కకు వచ్చింది, అంతకు మించిన చోట రెండు గొట్టాలను వరుసగా కలిపి వోల్టేజిని సమంగా పంచే మార్గాన్ని ఇంజనీర్లు ఆశ్రయిస్తున్నారు.